లేజర్‌తో ఉక్కు గ్రేడు పట్టడం: గాజువాక యార్డుల్లో లిబ్స్ ఎంతవరకు పనికొస్తుంది?

ఫోర్జ్_గాజువాక

అందరికీ నమస్కారం. విశాఖ ఆటోనగర్ ఫోర్జింగ్ షాపుల్లో ఎప్పుడూ ఉండే తలనొప్పి గురించే అడుగుతున్నాను. ఈఎన్‌8, ఈఎన్‌9, ఈఎన్‌19, ఈఎన్‌24 గ్రేడుల ఉక్కు రౌండ్లు (గుండ్రటి బార్లు) ఒకే షెడ్డులో పక్కపక్కనే ఉంటాయి. చివర వేసిన రంగు రెండు వానలకు వెలిసిపోతుంది. రంగున్న చివర కోసేశాక మిగిలిన బారుకు ఏ గుర్తూ ఉండదు. ఎక్స్-కిరణాలతో మూలకాలు గుర్తించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ నికెల్, క్రోమియం, మాలిబ్డినం చూపిస్తుంది కాబట్టి ఈఎన్‌19, ఈఎన్‌24 తేలిగ్గానే విడిపోతాయి. ఈఎన్‌8, ఈఎన్‌9 దగ్గరే చిక్కు. వాటి మధ్య అసలు తేడా కార్బన్‌లోనే ఉంది, ఎక్స్‌ఆర్‌ఎఫ్‌కు కార్బన్ కనపడదు.

లిబ్స్ అంటే లేజర్ దెబ్బకు ఉక్కు నుంచి పుట్టే వెలుగును చదివి మూలకాలు చెప్పే పద్ధతి. ఆ లేజర్ గన్ అమ్మేవాళ్లు కార్బన్ కూడా కొన్ని సెకన్లలో చెబుతుందంటున్నారు. ఆ అంకెను నమ్మి బారును కొలిమికి పంపొచ్చా? ఇంకో ఆలోచన, రీహీటింగ్ ఫర్నేసు ముందు రోలర్ టేబుల్ మీద లేజర్ బిగించి ప్రతి బిల్లెట్‌నూ (రోలింగ్‌కు వెళ్లే ఉక్కు దిమ్మను) అక్కడే చూడడం. స్కేల్ (వేడికి పట్టిన ఆక్సైడ్ పొర) ఉన్న బిల్లెట్ మీద అది కుదురుతుందా? ఇదంతా పెట్టాక, విద్యుత్ స్పార్క్‌తో ఉక్కు కూర్పు కొలిచే స్పార్క్ ల్యాబుకు పంపడం మానేయొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు అంకెలతో చెప్పండి.

గీతల_లెక్క

మీ మూడో ప్రశ్నకు జవాబు ముందే ఇస్తాను: మానేయకూడదు. మిగతా రెండూ వివరంగా చూద్దాం.

లిబ్స్‌లో సాధారణంగా ఎన్‌డీ-యాగ్ లేజర్ ఉంటుంది, తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు. 50 మిల్లీజౌళ్ల పల్సు 8 నానోసెకన్లలో 200 మైక్రాన్ల చుక్క మీద పడిందనుకోండి. లెక్క వేస్తే చదరపు సెంటీమీటరుకు దాదాపు 20 గిగావాట్లు. ఆ దెబ్బకు ఉక్కులో మైక్రోగ్రాముకు లోపు పదార్థం ఆవిరై పదివేల డిగ్రీల స్థాయి ప్లాస్మా అవుతుంది. మొదటి అర మైక్రోసెకను దాకా అందులోంచి తెల్లటి వెలుగు తప్ప ఏమీ రాదు. ఆ తర్వాత చల్లారే కొద్దీ ఒక్కో మూలకం గీత, అంటే దానికే ప్రత్యేకమైన తరంగదైర్ఘ్యం దగ్గరి వెలుగు, విడిగా తేలుతుంది. అందుకే డిటెక్టర్ తలుపు పల్సు పడిన వెంటనే తెరవరు. అర నుంచి రెండు మైక్రోసెకన్లు ఆగి తెరుస్తారు. ఈ ఆలస్యాన్ని సరిగ్గా పెట్టుకోకపోతే ఎంత మంచి స్పెక్ట్రోమీటరైనా దండగే.

కార్బన్‌కు ఎక్కువగా వాడే గీతలు రెండు. 247.86 నానోమీటర్ల గీత మామూలు గాలిలోనే కనపడుతుంది, అయితే దాన్ని ఆనుకునే ఇనుము గీత ఉంది. ఉక్కులో 98 శాతం ఇనుమే. ఆ హోరులో 0.4 శాతం కార్బన్ గొంతు వినపడదు. రెండోది 193.09. ఇది శుభ్రమైన గీత. కాకపోతే 200 నానోమీటర్ల కిందికి వెళ్లేసరికి గాలిలోని ఆక్సిజన్ వెలుతురును తాగేస్తుంది. అందుకని నమూనా ముందు ఆర్గాన్ ఉండాలి, స్పెక్ట్రోమీటర్ లోపల కూడా ఆర్గాన్ గానీ నైట్రోజన్ గానీ ఉండాలి. ఆర్గాన్‌లో ప్లాస్మా ఎక్కువసేపు వేడిగా నిలుస్తుంది, గీతలూ బలంగా వస్తాయి.

గన్ కొనేటప్పుడు అడగాల్సింది ఒక్కటే: 193 గీత చదువుతుందా, ఆర్గాన్ పర్జ్ (గాలిని తోసేసే ఆర్గాన్ ప్రవాహం) ఉందా? రెండూ లేని గన్ మీ పనికి రాదు. అల్యూమినియం మిశ్రమాలు వేరుచేయడానికి చేసిన చవక గన్నులు బయటికి అచ్చం అలాగే ఉంటాయి, వాటికి కార్బన్ రాదు.

ఎన్‌డీటీ_మల్కాపురం

గీతల లెక్క గారు చెప్పింది నిజం, అయితే షెడ్డులో తప్పులు వచ్చేది గీతల దగ్గర కాదు, గ్రైండింగ్ దగ్గర.

రిఫైనరీ పైపుల్లో 304, 304ఎల్ విడదీయడానికీ, 316, 316ఎల్ విడదీయడానికీ ఈ గన్నులు బాగా అలవాటయ్యాయి. ఎల్ గ్రేడుకు కార్బన్ గరిష్ఠం 0.03 శాతం. అంత చిన్న అంకె కావాలంటే ఉపరితలం ఎంత శుభ్రంగా ఉండాలో ఊహించుకోండి. మీ ఈఎన్‌8, ఈఎన్‌9 కార్బన్ 0.40, 0.55 దగ్గర ఉంటుంది, అది దానికంటే తేలికే. కానీ పద్ధతి మాత్రం అదే.

డిస్క్ అల్యూమినా లేదా జిర్కోనియా-అల్యూమినా, 60 లేదా 80 గ్రిట్. సిలికాన్ కార్బైడ్ డిస్క్ ముట్టుకోవద్దు. దాని పేరులోనే సిలికాన్, కార్బన్ రెండూ ఉన్నాయి, రెండూ ఉక్కులో గుచ్చుకుని రీడింగ్ పెంచుతాయి. అల్యూమినా వాడితే అల్యూమినియం రీడింగ్ చెడుతుంది. మీకు ఆ రీడింగ్‌తో పని లేదు కాబట్టి నష్టం లేదు. ఒక గ్రేడుకు వాడిన డిస్క్ ఇంకో గ్రేడుకు వాడకండి. ముఖ్యంగా పోత ఇనుము మీద తిరిగిన డిస్క్‌ను అక్కడే పారేయండి.

గ్రైండ్ చేశాక ఆ మచ్చను వేలితో తాకొద్దు, గుడ్డతో తుడవొద్దు. చేతి జిడ్డు, గుడ్డలోని నూనె అన్నీ కార్బనే. బారు మీద కటింగ్ ఆయిల్ ఉంటే ముందు అసిటోన్‌తో కడిగి, ఆరాక గ్రైండ్ చేయాలి. గ్రైండ్ చేశాక కడిగితే నూనె గీతల్లోకి దిగి అక్కడే ఉండిపోతుంది. గ్రైండింగ్ వేడికి మచ్చ నీలంగా మారితే మళ్లీ మొదటికి రావాలి, ఎందుకంటే అది ఆక్సైడ్ పొర.

గన్ ముక్కు పూర్తిగా ఆనాలి. 25 మి.మీ. రౌండ్ వంపు మీద పక్కన సందు ఉంటే గాలి లోపలికొస్తుంది, ఆర్గాన్ పలచబడుతుంది, 193 గీత తగ్గుతుంది, కార్బన్ తక్కువ చూపిస్తుంది. చిన్న రౌండ్లకు చివరి ముఖం మీదే కొలవండి.

ఒకచోట కనీసం నాలుగైదు కాల్పులు కాల్చండి, ఒక్కోటి రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో. మొదటిది మిగతావాటికి దూరంగా ఉంటే తీసేయొచ్చు. రెండు మూడు చెదిరితే సగటు తీయకండి, ఉపరితలం బాగోలేదని అర్థం. మళ్లీ గ్రైండ్ చేయండి.

కొలిమి_కబురు

పై పోస్టులో ఒక పెద్ద విషయం రాలేదు, ఫోర్జింగ్ వాళ్లకు అది ప్రాణం. డీకార్బరైజేషన్, అంటే ఉక్కు చర్మంలో కార్బన్ పోవడం.

వేడి మీద రోల్ చేసిన బారు చర్మంలో కార్బన్ మండిపోయి ఉంటుంది. ఎంత లోతు వరకు అన్నది ఫర్నేసులో ఎంతసేపు ఉంది, ఏ వేడిలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. 50 మి.మీ. రౌండ్‌లో అర మిల్లీమీటరు దాకా ఉండడం వింతేమీ కాదు. లేజర్ చూసేది పై కొన్ని పదుల మైక్రాన్లే. స్కేల్ పోయి మెరుపు వచ్చింది కదా అని ఆపేస్తే ఈఎన్‌9 బారు శుభ్రంగా ఈఎన్‌8 అంకె చూపిస్తుంది. గన్ తప్పు చెప్పలేదు, అక్కడ నిజంగానే కార్బన్ అంతే ఉంది! బారు పక్క మీద కొలిస్తే కనీసం ముప్పావు మిల్లీమీటరు, వీలైతే ఒక మిల్లీమీటరు లోతు పోవాలి. రెండు లోతుల్లో కొలిచి రెండో అంకె పెరిగిందంటే ఇంకా కిందికి వెళ్లాలి. పెరగడం ఆగిన చోటే అసలు అంకె.

దీనికంటే రంపంతో కోసిన ముఖం మేలు. గ్యాస్‌తో కోసిన ముఖం వద్దు, మంట తగిలినచోట కార్బన్ అటూ ఇటూ అయి ఉంటుంది. కోసిన ముఖంలో కూడా నట్టనడుమ కొలవకండి. కంటిన్యువస్ కాస్టింగ్ (ఆగకుండా పోత పోసే పద్ధతి) ఉక్కులో చివరికి గడ్డకట్టేది నడిబొడ్డే. కార్బన్, సల్ఫర్, ఫాస్ఫరస్ అక్కడికే చేరతాయి. అంచుకూ కేంద్రానికీ మధ్యలో, సగం వ్యాసార్థం దగ్గర నాలుగు దిక్కులా నాలుగు మచ్చలు. ఆ సగటే బారు అంకె.

ఫోర్జ్_గాజువాక

కొలిమి కబురు అన్నా, ఇది ఎవరూ చెప్పలేదు. పక్క మీద తక్కువ, కోసిన ముఖం మీద ఎక్కువ వస్తే గన్ క్యాలిబ్రేషన్ పోయిందనుకుంటారు మా వైపు. రంపం మీద కూలెంట్ పోస్తారు కదా, ఆ ముఖం మీద మళ్లీ గ్రైండింగ్ కావాలా?

ఎన్‌డీటీ_మల్కాపురం

కావాలి. అసిటోన్, ఆరబెట్టడం, ఆ తర్వాత తేలిగ్గా ఒక పాస్ గ్రైండింగ్. రంపపు పళ్ల గీతల్లో కూలెంట్ నిలుస్తుంది.

రోలింగ్_దువ్వాడ

రోలర్ టేబుల్ మీద బిల్లెట్ కొలవడం గురించి ఎవరూ రాయలేదు. ముందు పల్సులతో స్కేల్‌ను తొలిచేసి, ఆ గుంటలోనే అసలు కొలత తీసుకునే పద్ధతి ఉంది కదా. జింకు పూత పూసిన రేకు మీద పొర పొరగా దిగి కింద ఉక్కు చూస్తున్నారు. బిల్లెట్‌కు మాత్రం ఎందుకు కాదు?

గీతల_లెక్క

జింకు పూత 10, 20 మైక్రాన్ల మందం. వైర్ రాడ్ మీద స్కేల్ కూడా పది మైక్రాన్ల వరుసలోనే ఉంటుంది. అక్కడ మీరన్న పద్ధతి నడుస్తుంది. చల్లారిన బిల్లెట్ మీద స్కేల్ ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది, ఒక్కోచోట రేకులుగా లేచి కింద ఖాళీ కూడా ఉంటుంది.

ఒక పల్సు మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు తీస్తుంది. మిల్లీమీటరు తవ్వాలంటే కనీసం ఐదారు వందల పల్సులు కావాలి. 20 హెర్ట్జ్ లేజర్‌కు అరనిమిషం. ఆ అరనిమిషం బిల్లెట్ కదలకూడదు, అదే గుంటలో పడాలి. గుంట లోతయ్యే కొద్దీ గరాటులా సన్నబడుతుంది, గోడలకు అంటిన ఆక్సైడ్ కూడా ప్లాస్మాలో కలుస్తుంది, ప్లాస్మా గుంటలో ఇరుక్కుని ఆకారం మారుతుంది. క్యాలిబ్రేషన్ చదును ముఖం మీద చేసి, కొలత బావిలో తీస్తే అంకెలు కుదరవు.

ఇంత చేసినా డీకార్బ్ పొర మిగిలే ఉంటుంది. బిల్లెట్ పక్క మీద కార్బన్ కోసం లేజర్ పెట్టడం నా ఉద్దేశంలో డబ్బు తగలేయడమే. మాంగనీస్, క్రోమియం, నికెల్ మాత్రమే చాలంటే ఒక చిన్న గ్రైండింగ్ హెడ్ పెట్టి, అది రెండు సెంటీమీటర్ల మచ్చ తెరిచాక లేజర్ కాల్చేలా చేయొచ్చు. లేదా షాట్ బ్లాస్టింగ్ (ఉక్కు గుళ్లతో కొట్టి స్కేల్ రాల్చడం) అయ్యాక కొలవొచ్చు.

రోలింగ్_దువ్వాడ

మరి బిల్లెట్ చివరి ముఖం? టేబుల్ చివర స్టాపర్‌కు ఆగుతుంది కదా.

గీతల_లెక్క

అది మంచి ఆలోచన. కోల్డ్ షియర్‌తో గానీ రంపంతో గానీ కోసిన ముఖమైతే ఇంకా మేలు. కాస్టర్‌లో టార్చ్‌తో కోసిన ముఖమైతే ముందు గ్రైండ్ చేయాలి. స్టాపర్ ఉన్నా బిల్లెట్ ఒక్కోసారి ఐదు, పది మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. తక్కువ ఫోకల్ లెంగ్త్ లెన్సుకు ఒక మిల్లీమీటరు జరిగినా చుక్క సైజు మారిపోతుంది, ప్లాస్మా వేడి మారుతుంది, అంకె మారుతుంది. కాబట్టి దూరం కొలిచే సెన్సర్, దాన్ని బట్టి లెన్సు కదిపే ఆటోఫోకస్ తప్పనిసరి. ఇవి లేకుండా ఇచ్చే కొటేషన్ చౌకగానే కనపడుతుంది.

అద్దాల_కాపలా

ఫిక్స్‌డ్ సిస్టమ్ పెట్టేవాళ్లు విశాఖ వాతావరణం గురించి ముందే ఆలోచించాలి. పరికరాలు చెడేది ఇక్కడే.

మొదటిది చిల్లర్, లేజర్‌ను చల్లబరిచే నీటి యంత్రం. లేజర్ తలకు నీళ్లు 20 డిగ్రీలకు పెట్టమని మాన్యువల్‌లో ఉంటుంది. అది చల్లటి పొడి దేశాలకు రాసిన అంకె. జూన్ నుంచి అక్టోబరు దాకా మన దగ్గర గాలి మంచుబిందువే (తేమ నీరుగా మారే ఉష్ణోగ్రతే) 25 డిగ్రీల చుట్టుపక్కల తిరుగుతుంది. 20 డిగ్రీల లోహం మీద ఆ గాలి తగిలితే చల్లటి గ్లాసు మీద పట్టినట్టే నీరు పడుతుంది, లేజర్ రాడ్ చివరల మీద, అద్దాల మీద కూడా. తడి అద్దం మీద పల్సు పడితే పూత మాడి నల్ల చుక్క అవుతుంది. ఒకసారి చుక్క పడితే అక్కడ ఇంకా వేడెక్కి ఇంకా మాడుతుంది. చిల్లర్ ఉష్ణోగ్రత తయారీదారు ఒప్పుకున్న మేరకు పెంచండి. పెట్టెను ఏసీతో పొడిగా ఉంచి, ఆప్టిక్స్ గదిలోకి మైనస్ 40 మంచుబిందువు ఉన్న పొడి గాలి కొద్దికొద్దిగా వదలండి. మామూలు కంప్రెసర్ గాలి వద్దు, అందులో నూనె ఉంటుంది. నూనె అంటే మళ్లీ కార్బన్. వారాంతం షట్‌డౌన్‌లో ఏసీ ఆపేసి, సోమవారం పొద్దున చిల్లర్ ముందు ఆన్ చేసేవాళ్లున్నారు. ఏసీ ముందు, రెండు గంటలాగి చిల్లర్, ఆ తర్వాత లేజర్. ఈ క్రమం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

రెండోది సముద్రపు ఉప్పు. పెదగంట్యాడ, గాజువాక వైపు యార్డులో నెల ఉన్న ఉక్కు మీద ఉప్పు పొర సన్నగా ఉంటుంది. స్పెక్ట్రమ్‌లో 589 నానోమీటర్ల దగ్గర సోడియం జంట గీతలు ఎగసి కనపడతాయి. దీన్ని ఉపయోగించుకోవచ్చు. శుభ్రంగా గ్రైండ్ చేసిన ఉక్కులో సోడియం ఉండదు. సోడియం గీత ఒక హద్దు దాటితే "ఉపరితలం శుభ్రంగా లేదు" అని రీడింగ్‌ను తిరస్కరించేలా సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోండి. 393, 397 దగ్గర కాల్షియం గీతలు కూడా అంతే, అవి దుమ్మును, స్లాగును (కరిగిన ఉక్కు మీద తేలే మడ్డిని) పట్టిస్తాయి.

మూడోది ఫ్లాష్ ల్యాంపు, లేజర్‌కు శక్తినిచ్చే దీపం. దాని ఆయుష్షు 3 కోట్ల పల్సులనుకుంటే, 20 హెర్ట్జ్‌తో రోజంతా కాలిస్తే రోజుకు 17 లక్షల పైచిలుకు. అంటే పదిహేడు రోజులకో ల్యాంపు. బిల్లెట్ ముందుకు వచ్చినప్పుడే కాలిస్తే అదే ల్యాంపు నెలలు వస్తుంది. రోజంతా కాల్చాల్సిన చోట డయోడ్‌తో పంప్ చేసే లేజరే తీసుకోండి. ధర ఎక్కువే, కానీ దాని డయోడ్లు వంద కోట్ల పల్సులు దాటి పనిచేస్తాయి.

బయటి కిటికీ అద్దం ఎలాగూ మురికి పడుతుంది. ప్లాస్మా నుంచి ఎగిరిన ఇనుప ధూళి దాని మీదే కూర్చుంటుంది. ముందు ఎయిర్ నైఫ్ (ధూళిని ఊదేసే గాలి తెర) పెట్టి, అద్దం తీసి మార్చేలా బిగించుకోండి. 193 గీత కావాలంటే ఆ అద్దం యూవీ గ్రేడ్ ఫ్యూజ్డ్ సిలికా లేదా కాల్షియం ఫ్లోరైడ్ కావాలి. స్టోర్స్‌లో ఉంది కదా అని మామూలు గాజు బిగిస్తే కార్బన్ ఒక్కసారిగా సున్నా అవుతుంది. మిగతా మూలకాల్లో చాలావాటి గీతలు దాదాపు మామూలుగానే కనపడతాయి, అందుకే కారణం దొరక్క జనం బుర్ర బద్దలు కొట్టుకుంటారు.

విద్యార్థి_మెటలర్జీ

ఒక సందేహం అండీ. 2023 ఆగస్టులో ప్రజ్ఞాన్ రోవర్ లిబ్స్‌తోనే చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర సల్ఫర్ ఉందని తేల్చింది కదా. ఉక్కులో సల్ఫర్ లిబ్స్‌తో కష్టమని ఎందుకంటారు?

గీతల_లెక్క

చక్కటి ప్రశ్న. "ఉంది" అని చెప్పడం వేరు, "0.038 శాతం ఉంది" అని చెప్పడం వేరు. కాంక్రీటు కడ్డీల భారతీయ ప్రమాణం ఐఎస్ 1786లో ఎఫ్‌ఈ 500డి కడ్డీకి సల్ఫర్ గరిష్ఠం 0.040, ఫాస్ఫరస్ 0.040, రెండూ కలిపి 0.075. అంటే మూడో దశాంశం దాకా నమ్మకం కావాలి.

సల్ఫర్ మంచి గీతలు 180.7, 182.0 దగ్గర, ఫాస్ఫరస్‌వి 177.5, 178.3 దగ్గర ఉన్నాయి. 193 కంటే ఇంకా లోపల, గాలి చాలా గట్టిగా మింగేసే చోటు. చేతి గన్నులో అంత దూరం వెళ్లే ఆప్టిక్స్ పెట్టడం కష్టం. ఫాస్ఫరస్‌కు 214.9 గీత ఉందిగా అంటే, సరిగ్గా అక్కడే రాగి గీత కూర్చుని ఉంది. స్క్రాప్ నుంచి వచ్చిన ఉక్కులో రాగి ఉండనే ఉంటుంది.

పైగా సల్ఫర్ ఉక్కులో సమంగా పరచుకుని ఉండదు, మాంగనీస్ సల్ఫైడ్ రేణువులుగా ఉంటుంది. లేజర్ చుక్క రేణువు మీద పడితే రీడింగ్ ఎగసిపోతుంది, పక్కన పడితే ఏమీ ఉండదు. కనీసం కొన్ని వందల చుక్కలు పరిచి సగటు తీయాలి. ల్యాబులో వాక్యూమ్ లేదా ఆర్గాన్ గది ఉన్న పెద్ద పరికరంతో చేయొచ్చు. షెడ్డులో గన్‌తో మాత్రం సల్ఫర్, ఫాస్ఫరస్ మీద నిర్ణయం తీసుకోకూడదు.

ఇండక్షన్_ఫర్నేస్

ఇదే మాకు ముఖ్యం. ఇండక్షన్ ఫర్నేసులో ఫాస్ఫరస్ తగ్గించడం దాదాపు కుదరదు, ఏ స్క్రాప్ వేస్తే అదే బయటికొస్తుంది. రాగి, తగరం అయితే ఆక్సిజన్ ఊది శుద్ధి చేసే కన్వర్టర్‌లో కూడా పోవు. రాగి 0.2 శాతం దాటాక రోలింగ్‌లో చర్మం పగలడం మొదలవుతుంది. ఇనుము ముందు ఆక్సైడ్ అయిపోతుంది, రాగి స్కేల్ కింద పేరుకుంటుంది. రాగి 1085 డిగ్రీలకే కరుగుతుంది, ఆ ద్రవం ఉక్కు స్ఫటిక గింజల సరిహద్దుల్లోకి దిగుతుంది. అందుకే స్క్రాప్ దిగుమతి దగ్గరే లేజర్ ఉపయోగం ఎక్కువ. రాగి గీతలు 324.75, 327.40 రెండూ బలమైనవి, గాలిలోనే కనపడతాయి, ఆర్గాన్ కూడా అక్కర్లేదు. ఓడల స్క్రాప్, మోటార్ల స్క్రాప్ కలిసిన లోడులో ఏ ముక్కలు పక్కన పెట్టాలో వెంటనే తెలుస్తుంది.

కానీ ముక్క మీద రంగు ఉంటే ఆ రంగే కొలుస్తారు. ఓడ అడుగుకు వేసే రంగులో రాగి సమ్మేళనాలు ఉంటాయి! గ్రైండ్ చేయకుండా చూస్తే మంచి ప్లేటు కూడా రాగి ఉక్కులా కనపడుతుంది.

కరిగిన ఉక్కు మీదే నేరుగా లేజర్ కాల్చే సిస్టమ్ గురించి ఎవరైనా చెప్పగలరా? నమూనా పోసి, చల్లార్చి, గ్రైండ్ చేసి, స్పార్క్ కొట్టి అంకె వచ్చేసరికి ఐదు నిమిషాలు పోతోంది. ఆ ఐదు నిమిషాలూ కరెంటు మీటరు తిరుగుతూనే ఉంటుంది.

కొలిమి_కబురు

సూత్రంగా కుదురుతుంది. పరిశోధనలు చాలా ఏళ్లుగా జరుగుతున్నాయి, జర్మనీలో ఆకెన్ నగరంలోని ఫ్రాన్‌హోఫర్ లేజర్ సంస్థ ఈ పని చేసినవాళ్లలో ముఖ్యమైనది. కష్టం లేజర్‌లో లేదు, ఉక్కు పైభాగంలో ఉంది. 1600 డిగ్రీల ద్రవం మీద స్లాగు ఉంటుంది. పైనుంచి కాలిస్తే కాల్షియం, సిలికాన్, అల్యూమినియం గీతలే వస్తాయి, అవి స్లాగువి. ఉక్కు బయటపడాలంటే కింద నుంచి ఆర్గాన్ బుడగలతో స్లాగులో కన్ను తెరవాలి, లేదా గొట్టం ఉక్కులోకి దించి ఆర్గాన్‌తో లోపల శుభ్రమైన ఉపరితలం నిలబెట్టాలి. ఆ గొట్టానికి సెరామిక్ కొన వినియోగ వస్తువే, ప్రతి కొన్ని కొలతలకూ మార్చాలి. ద్రవ ఉపరితలం అలల్లా లేస్తూ పడుతూ ఉంటుంది, ఫోకస్ నిలవదు.

చిన్న ఇండక్షన్ ఫర్నేసుకు ఈ ఖర్చు తిరిగి రాదు. మీ ఐదు నిమిషాల్లో ఎక్కువ భాగం నమూనా చల్లార్చడం, గ్రైండింగే. నమూనా అచ్చు సరిచేసుకోండి, గ్రైండర్‌ను స్పార్క్ యంత్రం పక్కనే పెట్టుకోండి. రెండు నిమిషాలు అక్కడే దొరుకుతాయి.

లేజర్‌కు స్లాగు మాత్రం అనువైనదే. స్లాగులో కాల్షియం, సిలికాన్, మెగ్నీషియం, అల్యూమినియం పెద్ద శాతాల్లో ఉంటాయి, గీతలు బలంగా ఉంటాయి, వాటి నిష్పత్తి చాలు. చల్లార్చిన స్లాగు ముక్క మీద అనేక చుక్కలు కాల్చి బేసిసిటీ (సున్నానికీ సిలికాకీ నిష్పత్తి) త్వరగా తెలుసుకోవచ్చు.

ఉక్కునగరం_రాడ్

ఫోర్జ్ గారికి ఒక ఉపాయం. రాగి అంకె గ్రేడు చెప్పదు కానీ వంశం చెబుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ దారిలో వచ్చిన ఉక్కులో, అంటే గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ ఫర్నేసుల హాట్ మెటల్‌తో మన విశాఖ స్టీల్ ప్లాంటులో చేసే తరహాలో, రాగి, తగరం, నికెల్ మిగులు సాధారణంగా చాలా తక్కువగా ఉంటాయి. స్క్రాప్ దారిలో వచ్చినదానిలో అవి కనపడేంత ఉంటాయి. ఒకే హీట్ (ఒక విడత కరిగించిన ఉక్కు) నంబరు అని వచ్చిన కట్టలో మూడు బార్లకు రాగి 0.02, రెండింటికి 0.22 వచ్చిందంటే, కార్బన్ ఒకటే అయినా ఆ కట్ట ఒకే హీట్ కాదు. కలగలుపు పట్టడానికి కార్బన్ కంటే ఇది నమ్మకమైన గుర్తు, కొలతా తేలిక.

ఫోర్జ్_గాజువాక

ఇది బాగుంది అన్నా, ఈ పని ఇప్పుడున్న ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్‌తోనే చేయొచ్చు. ఇక ఈఎన్‌8, ఈఎన్‌9 మధ్య హద్దు ఎక్కడ పెట్టుకోవాలి? క్యాలిబ్రేషన్ కంపెనీవాళ్లు పెట్టి ఇస్తారు కదా, అది చాలదా?

గీతల_లెక్క

చాలదు. ఫ్యాక్టరీ క్యాలిబ్రేషన్ మొదటి మెట్టు మాత్రమే.

మీ పనికి కార్బన్ 0.15 నుంచి 0.70 దాకా పరుచుకున్న సర్టిఫైడ్ ప్రామాణిక నమూనాలు ఎనిమిది, పది కావాలి. వాటిలో మాంగనీస్, సిలికాన్ కూడా మారుతూ ఉండాలి. కార్బన్‌తో పాటే మాంగనీస్ కూడా ఎక్కుతూ పోయే సెట్టు తీసుకుంటే, సాఫ్ట్‌వేర్ మాంగనీస్ చూసి కార్బన్ చెప్పడం నేర్చుకుంటుంది. స్పెక్ట్రమ్ మొత్తాన్ని గణితానికి వదిలేసే పద్ధతుల్లో ఈ ప్రమాదం ఎక్కువ. గ్రాఫ్ అందంగా వస్తుంది, కొత్త బారు మీద బోల్తా కొడుతుంది. అందుకే మూడు నమూనాలను క్యాలిబ్రేషన్‌లో కలపకుండా దాచి, చివర్లో వాటితో పరీక్షించాలి.

కార్బన్ గీత ఒంటరి బలం ఎప్పుడూ వాడొద్దు. పక్కనున్న ఇనుము గీతతో భాగించిన నిష్పత్తే వాడాలి. లేజర్ కొంచెం తగ్గినా, అద్దం కొంచెం మసకబారినా రెండూ కలిసి తగ్గుతాయి, నిష్పత్తి నిలుస్తుంది. ఆ ఇనుము గీత తరంగదైర్ఘ్యంలో దగ్గరగా ఉండడం ముఖ్యం. 193 దగ్గరి కార్బన్‌ను 438 దగ్గరి ఇనుముతో భాగిస్తే, ఆక్సిజన్ మింగిన వెలుతురు లెక్కలోకి రాదు.

షిఫ్టు మొదట్లో తక్కువ కార్బన్ నమూనా ఒకటి, ఎక్కువ కార్బన్ నమూనా ఒకటి కొలిచి డ్రిఫ్ట్ (అంకె మెల్లగా జరగడం) సరిచేయండి. ఆర్గాన్ సిలిండర్ మార్చిన ప్రతిసారీ కూడా. 99.999 శాతం ఆర్గాన్ అని అడిగి తీసుకోండి. వెల్డింగ్ షాపులో దొరికే ఆర్గాన్-కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం పొరపాటున తగిలిస్తే ప్రతి బారూ హై కార్బనే, ఎందుకంటే గ్యాసులోనే కార్బన్ ఉంది. సిలిండర్ రెగ్యులేటర్ నుంచి గన్ దాకా రబ్బరు గొట్టం వద్దు, తేమ లోపలికి వస్తుంది. లోహపు గొట్టం గానీ పీటీఎఫ్‌ఈ గొట్టం గానీ వాడండి.

ఇక హద్దు. ఈఎన్‌8 కార్బన్ 0.35–0.45, ఈఎన్‌9 0.50–0.60. మధ్యలో ఖాళీ 0.05 మాత్రమే. మీ గన్‌తో ఒకే నమూనాను పది చోట్ల కొలిచి చెదురుబాటు చూడండి. 0.02 వచ్చిందనుకోండి, నాలుగు చోట్ల సగటుకు అది 0.01 అవుతుంది. అప్పుడు 0.46 లోపు ఈఎన్‌8, 0.49 పైన ఈఎన్‌9, మధ్యలో వచ్చింది స్పార్క్ ల్యాబుకు. చెదురుబాటు 0.04 వచ్చే గన్ అయితే నాలుగు చోట్ల సగటు కూడా 0.02 దగ్గరే ఆగుతుంది, మధ్య పట్టీ రెండు గ్రేడులనూ మింగేస్తుంది. అలాంటప్పుడు ఇంకా ఎక్కువ చోట్ల కొలవాలి, లేదా ఆ గన్ మీ పనికి కాదు. కొనేముందు అమ్మేవాళ్ల నమూనా మీద కాదు, మీ బారు మీద, మీ కుర్రాడు గ్రైండ్ చేసిన మచ్చ మీద ఈ పది కొలతలూ తీయించండి.

కొలిమి_కబురు

గన్ కొనేదాకా ఒక చవక దారి ఉంది. రెండు బార్ల నుంచీ ఐదు మి.మీ. మందం బిళ్లలు కోసి, 850 డిగ్రీలకు వేడి చేసి నీళ్లలో ముంచండి. కాఠిన్యం కొలిచే రాక్‌వెల్ సి స్కేల్ మీద ఈఎన్‌9 బిళ్ల నాలుగైదు పాయింట్లు ఎక్కువ వస్తుంది. బిళ్ల ముఖం మీద డీకార్బ్ లేకుండా గ్రైండ్ చేసి కొలవాలి. రెండు బిళ్లలూ ఒకే మందం, ఒకే నీళ్లు ఉండాలి. సానరాయి మీద నిప్పురవ్వలు చూసి చెప్పేవాళ్లున్నారు, మైల్డ్ స్టీల్‌కూ ఈఎన్‌9కీ తేడా పట్టడానికి అది పనికొస్తుంది. ఈఎన్‌8కీ ఈఎన్‌9కీ మధ్య దాని మీద ఆధారపడొద్దు.

ఎన్‌డీటీ_మల్కాపురం

కళ్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. 1064 నానోమీటర్లు కంటికి కనపడదు కానీ కంటి కటకం దాన్ని నేరుగా రెటినా మీద కేంద్రీకరిస్తుంది. నొప్పి తెలియకుండానే చూపు పోతుంది. చేతి గన్నులో ముక్కు ఆనితేనే కాలేలా సెన్సర్ ఉంటుంది. కుర్రాళ్లు దానికి టేపు అంటించి వంపు బార్ల మీద కాల్చడం ఎక్కడైనా కనపడితే వెంటనే ఆపించండి. గ్రైండ్ చేసిన ఉక్కు ముఖం అద్దంలా వెనక్కి కొడుతుంది. ఫిక్స్‌డ్ సిస్టమ్ చుట్టూ మూసిన పెట్టె, తలుపు తీస్తే లేజర్ ఆగే ఇంటర్‌లాక్ ఉండాలి. అలైన్‌మెంట్ చేసేవాళ్లకు 1064 దగ్గర ఓడీ (కాంతిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) కనీసం 5, మామూలుగా 6 లేదా 7 ఉన్న కళ్లజోడు కావాలి. వెల్డింగ్ అద్దాలు పనికిరావు.

గ్యాస్, పెట్రోలియం ఉండే చోట ఈ గన్ వాడాలంటే హాట్ వర్క్ పర్మిట్ తప్పనిసరి, ఎందుకంటే అది నిజంగా నిప్పే.

ఫోర్జ్_గాజువాక

నోట్ చేసుకున్నాను. ప్రస్తుతానికి రంపం ముఖం మీద సగం వ్యాసార్థం దగ్గర నాలుగు మచ్చలు, 0.46 నుంచి 0.49 మధ్య వస్తే ల్యాబ్. బిల్లెట్ టేబుల్ ఆలోచన పక్కన పెడుతున్నాను. ఒక్క ప్రశ్న మిగిలింది: పెద్ద ఆర్గాన్ సిలిండర్ నుంచి బెంచి మీద పెట్టిన గన్‌కు గొట్టం వేస్తే ఎంతకాలం వస్తుంది?

అద్దాల_కాపలా

47 లీటర్ల సిలిండర్ 150 బార్ దగ్గర దాదాపు 7,000 లీటర్ల గ్యాసు. నిమిషానికి 5 లీటర్లు, ఒక్కో కొలతకు ముందు పర్జ్‌తో కలిపి పావు నిమిషం అనుకుంటే కొలతకు లీటరున్నర లోపే. లీకులు లేకపోతే నాలుగు వేల కొలతలు దాటుతాయి. సిలిండర్‌ను చివరి చుక్క దాకా వాడకండి. పది బార్ దగ్గర మార్చేయండి, అడుగున మిగిలిన గ్యాసులో తేమ ఎక్కువ. మార్చిన రోజు మొదటి పది నిమిషాలు గొట్టం ఊదనిచ్చి, గీతల లెక్క గారు చెప్పిన రెండు నమూనాలూ కొలిచాకే బారు ముట్టుకోండి.